అడ్వైస్, అడ్వైజ్ రెండూ ఒకటేనా? ఎక్కడ ఏది రాయాలి?

బ్రాడీపేట కుర్రోడు:
అన్నలూ అక్కలూ ఒక డౌట్. బ్యాంక్ ఎగ్జామ్స్‌కి చదువుతున్నా, ఎర్రర్ స్పాటింగ్‌లో ఈ జంట తెగ వస్తోంది. చివర సీ ఈ ఉంటే నౌన్, ఎస్ ఈ ఉంటే వెర్బ్ అని మా సార్ చెప్పి వదిలేశాడు, మరి మీనింగ్ కూడా మారుద్దా? ఇంకోటి, "మెనీ అడ్వైసెస్" తప్పంట, మనం సలహాలు అంటాంగా, ఎందుకు తప్పో ఎవరూ చెప్పట్లా.

పటమట టీచరమ్మ:
నౌన్ అంటే సలహా, వెర్బ్ అంటే సలహా ఇవ్వడం, అంతే బాబూ. పలకడంలో నౌన్‌కి చివర బస్సులో స, వెర్బ్‌కి జిప్‌లో వచ్చే జ. ఆ జ కి మనకి విడిగా అక్షరం లేదు కాబట్టి బెంజ్ సర్కిల్‌లో నిలబడి ఎవర్ని అడిగినా రెండూ అడ్వైజే అంటారు, చెవిని నమ్ముకోకుండా వాక్యంలో ప్లేస్ చూడు. మై, హిజ్, సమ్ తర్వాత వస్తే నౌన్, షుడ్, విల్ తర్వాత వస్తే వెర్బ్. టు ని మాత్రం నమ్మొద్దు, "ఐ వాంట్ టు అడ్వైజ్ హిమ్" లో వెర్బ్, "లిజన్ టు మై అడ్వైస్" లో నౌన్, పేపర్ సెట్ చేసేవాళ్లు ఇక్కడే పట్టేస్తారు. ఇక అడ్వైసెస్ సంగతి, సలహాని ఇంగ్లీషువాళ్లు లెక్కపెట్టరు, ఇన్ఫర్మేషన్, ఫర్నిచర్, లగేజ్ ఇదే బ్యాచ్. ఒకటే అయితే "ఎ పీస్ ఆఫ్ అడ్వైస్" అనాలి, "యాన్ అడ్వైస్" అనకూడదు.

యార్డు అకౌంట్స్:
మేడం, అడ్వైసెస్ అసలు లేదంటే ఒప్పుకోను. నేను మిర్చి యార్డులో కమీషన్ ఏజెంట్ దగ్గర లెక్కలు చూస్తా, పార్టీ డబ్బులేస్తే పేమెంట్ అడ్వైస్ పంపిద్ది, ఏ బిల్లుకి ఎంతేశారు, టీడీఎస్ ఎంత పట్టారు అన్నీ అందులో ఉంటాయ్. అది కాగితం, సలహా కాదు, అందుకే నాలుగొస్తే పేమెంట్ అడ్వైసెస్ అనే అంటాం. వెర్బ్‌కి కూడా తెలియజేయడం అని ఇంకో అర్థం ఉంది తమ్ముడూ. "ప్లీజ్ అడ్వైజ్ ది డిస్పాచ్ డేట్" అని మెయిలొస్తే, మా ఆఫీసు కుర్రోడు "సోమవారం మంచి రోజండి, అప్పుడు పంపుకోండి" అని రిప్లై కొట్టాడు 😂 పంపాల్సింది మేమే.

పటమట టీచరమ్మ:
హహ, నిజమేనండీ, డాక్యుమెంట్ అనే అర్థంలో లెక్కపెట్టొచ్చు. ఎగ్జామ్‌లో మాత్రం ఎక్కువగా సలహా అర్థమే అడుగుతారు.

బ్రాడీపేట కుర్రోడు:
సూపర్ అన్నా 😂 మేడం, ప్రాక్టీస్, లైసెన్స్ కి కూడా ఇదే రూలా?

పటమట టీచరమ్మ:
బ్రిటిష్ స్పెల్లింగ్‌లో ఇదే రూల్, మన 1988 మోటారు వాహనాల చట్టంలో కూడా డ్రైవింగ్ లైసెన్స్‌కి చివర సీ ఈ నే. అమెరికావాళ్లేమో లైసెన్స్ ఎప్పుడూ ఎస్ తో, ప్రాక్టీస్ ఎప్పుడూ సీ తో రాస్తారు. ఈ రెండిట్లో నౌనైనా వెర్బైనా పలకడం ఒకటే. అడ్వైస్ జంట మాత్రం రెండు దేశాల్లోనూ మారదు, ఆప్షన్స్‌లో అది కనపడితే ఇంక స్పెల్లింగ్ ఏ దేశానిదా అని ఆలోచిస్తూ కూర్చోకు.