డ్రేఫస్ కేసులో ఫ్రాన్స్ రెండుగా ఎందుకు చీలింది?

ప్రశ్న (కావలి, పోటీ పరీక్షల అభ్యర్థి):
1894లో ఆల్ఫ్రెడ్ డ్రేఫస్ అనే యూదు కెప్టెన్‌కు, జర్మనీకి రహస్యాలు చేరవేశాడన్న నేరంపై యావజ్జీవ ద్వీపాంతర శిక్ష పడింది. తీర్పులు తప్పడం ఏ దేశంలోనైనా ఉన్నదే కదా, ఈ ఒక్క కేసు మీద జనం ఏళ్ల తరబడి రెండు వర్గాలుగా ఎందుకు కొట్టుకున్నారో పెద్దలు వివరించగలరు.

జవాబు (ఒంగోలు, విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు):
తీర్పు వెలువడిన నాడు ఫ్రాన్స్ చీలలేదండి. దాదాపు అందరూ ఆయనను ద్రోహిగానే నమ్మారు. జర్మన్ రాయబార కార్యాలయం చెత్తబుట్టలో దొరికిన ఒక చీటీలోని చేతిరాతే ప్రధాన ఆధారం కాగా, అది చాలదనిపించి, నిందితుడికి గానీ ఆయన వకీలుకు గానీ చూపని రహస్య పత్రాలను న్యాయమూర్తులకు అందజేశారు. 1896లో గూఢచారి విభాగాధిపతి పికార్, ఆ రాత ఎస్టర్‌హాజీ అనే మరో అధికారిదని కనిపెడితే, పైవారు పికార్‌నే ట్యునీషియాకు పంపించివేశారు. 1898 జనవరిలో ఎస్టర్‌హాజీని నిర్దోషిగా వదిలిన రెండు రోజులకు డ్రేఫస్‌కు అన్యాయం జరిగిందంటూ నవలాకారుడు ఎమిల్ జోలా రాసిన బహిరంగ లేఖ అచ్చయింది. అసలు చీలిక అక్కడి నుంచే. ఆ ఆగస్టులో ఒక అధికారి దీపం వెలుతురులో పరిశీలిస్తే, డ్రేఫస్‌పై ప్రయోగించిన ఒక ఉత్తరంలో అతికించిన ముక్కల మీది గీతల రంగులు కలవలేదు, అంటే అది దొంగ ఉత్తరమని తేలింది. దానిని సృష్టించిన గూఢచారి విభాగపు అధికారి ఆన్రీ నిర్బంధంలో గొంతు కోసుకున్నాడు. ఆ తర్వాత కూడా ఒక యూదు వ్యతిరేక పత్రిక ఆన్రీ భార్య కోసం చందాలు పోగుచేసిందంటే, తగవు సాక్ష్యం గురించి కాదని తెలియడం లేదా?

జవాబు (నెల్లూరు):
పుట్టుకను బట్టి నేరం అంటగట్టడం మనకు కొత్త కాదు. నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల వారిని ఉంచిన సెటిల్‌మెంటు మీ కావలిలోనే ఉండేది.

జవాబు (ఒంగోలు):
పోలిక బాగుంది, కానీ ఇక్కడ ముద్ర వేసింది చట్టమే. ఫ్రాన్స్‌లో యూదులకు 1791 నుంచే సమాన పౌరసత్వం ఉంది. కనుక డ్రేఫస్ నిర్దోషి అని ఒప్పుకోవడమంటే, తాము రాసుకున్న ఆ సమానత్వాన్ని సైన్యం పరువు కన్నా పైన నిలపడమే అయింది. అందుకు చర్చిలోనూ సైన్యంలోనూ చాలామంది సిద్ధపడలేదు.

ప్రశ్నించినవారు:
మరి 1899 పునర్విచారణలో ఆయన బయటపడలేదా?

జవాబు (ఒంగోలు):
లేదు. రెన్ నగరంలో మళ్లీ సైనిక న్యాయస్థానమే విచారించి, 5–2 ఆధిక్యంతో దోషి అన్నది. శిక్షను మాత్రం పదేళ్లకు తగ్గించింది. కొద్ది రోజులకే అధ్యక్షుడు క్షమాభిక్ష పెట్టాడు. 1906 జులైలో అత్యున్నత న్యాయస్థానం, కేసును తిరిగి సైనికుల చేతికి పంపకుండానే ఆ తీర్పును కొట్టివేసింది. పరీక్షలో ఈ రెండు సంవత్సరాలనూ తారుమారు చేయకండి.