తైవాన్ నాటి ఫ్లాపీలు తెరవడానికి ఈటెన్ మొత్తం ఎక్కించాలా, చిన్న ఎడిటర్ చాలా?

ఫ్లాపీ_పెట్టె

మా ఆఫీసులో తైపే నుంచి వచ్చిన స్నేహితుడున్నాడు. వాళ్ల నాన్నగారు కిందటేడు పోయారు. ఆయన 1989 నుంచి 1994 దాకా రాసుకున్న ఉత్తరాలు, దుకాణం లెక్కలు పదకొండు ఫ్లాపీల్లో ఉన్నాయి. పాత మెషీన్లంటే నాకిష్టమని తెలిసి తెచ్చిచ్చాడు. తొమ్మిది చదవగలిగాను, రెండు మొరాయిస్తున్నాయి. ఫైళ్లన్నీ బిగ్ ఫైవ్ కోడులో, అంటే తైవాన్‌లో చైనీస్ అక్షరాలకు నంబర్లిచ్చిన పట్టిక ప్రకారం ఉన్నాయి. నా దగ్గర 4 ఎంబీ మెమరీ ఉన్న పాత 386 పీసీ ఇంకా పనిచేస్తోంది.

నాకు రెండు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, ఆయన వాడిన ఈటెన్ చైనీస్ వ్యవస్థను అప్పటి పీసీలను నడిపిన డాస్ మీద ఎక్కించడం. రెండోది, ఎన్‌జేస్టార్ లాంటి విడి ఎడిటర్‌లో ఫైళ్లు తెరవడం. నా ఓటు రెండోదానికే. ఈటెన్ లాంటివి ఆ రోజుల్లో వేరే గతి లేక మోసిన బరువు. డాస్‌కి దొరికే మెమరీయే 640 కేబీ. బిగ్ ఫైవ్‌లో చైనీస్ అక్షరాలు 13,053. ఒక్కో అక్షరానికి 16×16 చుక్కల గడి అనుకుంటే 32 బైట్లు, అంటే మొత్తం నాలుగు లక్షల పైచిలుకు బైట్లు. ఫాంటే మూడింట రెండు వంతులు తినేస్తే మనిషి పనిచేసుకునేదెక్కడ? చదవడమే పని అయినప్పుడు ఇంత తతంగం అక్కర్లేదని నా అభిప్రాయం. కాదనేవాళ్లు చెప్పండి.

ప్రయోగశాల_పక్కబల్ల

మీతో ఏకీభవిస్తాను. 1992లో నేను అమెరికాలో ఎమ్మెస్ చేస్తుంటే పక్క బల్ల మీద చైనా కుర్రాడు ఎన్‌జేస్టార్‌తోనే ఇంటికి ఉత్తరాలు రాసేవాడు. ల్యాబ్ మెషీన్లో అందరి సాఫ్ట్‌వేర్ ఉండేది, కాన్ఫిగ్ ఫైలు ముట్టుకుంటే ల్యాబ్ చూసుకునే ఆయన ఊరుకునేవాడు కాదు. ఆ కుర్రాడు జేబులోంచి ఫ్లాపీ తీసి, ఎడిటర్ నడిపి, రాసుకుని, మూసేసి వెళ్లిపోయేవాడు. మెషీన్ మళ్లీ ఎప్పటిలాగే ఇంగ్లీషు డాస్. చైనాలో వాడే జీబీ కోడు, తైవాన్ బిగ్ ఫైవ్ రెండూ అందులో తెరవవచ్చు. పరాయి మెషీన్ మీద బతికేవాడికి అదే సరైన ఎంపిక. మీ 386 మీదా అంతే.

సముద్రం_అవతల

ఫ్లాపీ_పెట్టె గారూ, మీ లెక్క సరే, దాన్నుంచి మీరు తేల్చిన మాటతోనే నాకు పేచీ. 1991 నుంచి నాలుగేళ్లు సింగపూర్‌లో పీసీలు బాగుచేసే చిన్న కంపెనీలో పనిచేశాను. చైనీస్ వ్యవస్థలు ఎక్కించడమే నాకు రోజువారీ పని, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

ఫాంటు అంతా 640 కేబీలోనే కూర్చోవాలని లేదు. ఆ చిక్కుకు తలా ఒక విరుగుడు కనిపెట్టారు. బీజింగ్‌లో 1985లో ఇంజనీరు నీ గ్వాంగ్‌నాన్ బృందం ఫాంటును పీసీలో గుచ్చే కార్డు మీది చిప్పుల్లోకి ఎక్కించింది. ఒక అక్షరం కొడితే దాని తర్వాత రాగల అక్షరాలను చూపించే సదుపాయం కూడా అందులో ఉండేది. ఆ జోడింపునే చైనీస్‌లో ‘లియన్‌షియాంగ్’ అంటారు, తర్వాత ఆ కార్డు చేసిన కంపెనీ చైనీస్ పేరే అదైంది. ఇంగ్లీషులో లెజెండ్, ఇప్పుడు లెనోవో. కార్డు కొనలేనివాళ్లు ఫాంటును హార్డ్ డిస్కు మీదే ఉంచి, కావలసినప్పుడు ఒక్కో అక్షరం తెచ్చుకునేవాళ్లు. స్క్రీను నింపడానికి డిస్కు గరగరలాడేది. మెమరీ ధర దిగాక ఫాంటు ఆ 640 కేబీకి బయట ఉండే ఎక్స్‌టెండెడ్ మెమరీలోకి పోయింది. మీ 4 ఎంబీ మెషీన్‌కి ఆ బరువు బరువే కాదు.

ఇక అసలు సంగతి. ఈటెన్‌ను మీరు బొమ్మలు చూపించే పనిముట్టు అనుకుంటున్నారు. ఏ అక్షరాలు ఉన్నాయి, ఏవి లేవు అన్నది ఆ మెషీన్లో తేల్చేది అదే. బిగ్ ఫైవ్ పట్టికను 1984లో అయిదు కంపెనీల కోసం ఖాయం చేశారు. అందులో ఏసర్ ఒకటి. ఆ కంపెనీ చైనీస్ పేరులోని రెండో అక్షరమే పట్టికలో లేదు! ఈటెన్ వాళ్లు తర్వాత చివర కలిపిన ఏడు అక్షరాల్లో అదొకటి. ఇవి కాక ఎవరికి వారు గీసుకోవడానికి ఖాళీ గళ్లు వదిలారు. ఊరి పేరు, తాతగారి పేరు, కూతురి పేరు పట్టికలో లేకపోతే మనిషి కూర్చుని చుక్క చుక్కగా గీసి ఆ గడిలో పెట్టుకునేవాడు. ఆ గీతలు ఉత్తరం ఫైల్లో ఉండవు, వేరే ఫాంటు ఫైల్లో ఉంటాయి. ఉత్తరంలో ఉండేది గడి నంబరే.

మీ స్నేహితుడి నాన్నగారు అయిదేళ్లు ఒకే మెషీన్ మీద రాశారంటున్నారు. ఒక్క అక్షరమైనా సొంతంగా గీసుకుని ఉండరంటారా?

ప్రయోగశాల_పక్కబల్ల

ఇది నేను ఆలోచించలేదు, నిజమే. కానీ ఎన్ని అక్షరాలండీ? ఒకటో రెండో. వాటి కోసం చచ్చిపోయిన వ్యవస్థను లేపి నిలబెట్టాలా? సందర్భాన్ని బట్టి స్నేహితుడు పోల్చుకోడా?

కోడు_మార్చేద్దాం

అసలు 386 ఎందుకు? బిగ్ ఫైవ్‌ను యూనికోడ్‌లోకి, అంటే ఇప్పుడు అన్ని భాషలకూ వాడే ఒకే కోడులోకి మార్చే ఉపకరణాలు బోలెడున్నాయి. 1992లోనే యూనికోడ్‌లోకి 20,902 చైనీస్ అక్షరాలు వచ్చాయి, ఆ తర్వాత ఇంకా ఎన్నో చేరాయి. ఫైళ్లు మార్చి ఫోన్లోకి పంపితే సాయంత్రానికి వాళ్లమ్మగారు చదువుకుంటారు. పాత మెషీన్ మీద ఇష్టం వేరు, పని జరగడం వేరు.

సముద్రం_అవతల

కోడు_మార్చేద్దాం గారూ, చివరికి చేయవలసింది అదే. కాదనను. మీరు దాన్ని మొదట చేయమంటున్నారు, నా అభ్యంతరం అక్కడ. సొంతంగా గీసిన అక్షరానికి యూనికోడ్‌లో జోడీ ఏదో ఆ ఉపకరణానికి ఎలా తెలుస్తుంది? ప్రశ్నార్థకమో ఖాళీ గడో పెట్టి ముందుకు పోతుంది. చదివేవాళ్లకు అక్కడేదో పోయిందన్న అనుమానం కూడా రాకపోవచ్చు. ముందు అసలు వ్యవస్థలో తెరిచి, ఏ ఉత్తరంలో ఏ చోట సొంతక్షరం ఉందో రాసిపెట్టుకుని, తర్వాత మార్చండి.

‘ఒకటో రెండో’ అన్నారు పక్కబల్ల గారు. ఆ ఒకటీ రెండూ తరచు మనుషుల పేర్లే అవుతాయి. చైనా ప్రధానిగా చేసిన జూ రోంగ్‌జీ పేరులోని నడిమి అక్షరం 6,763 అక్షరాల జీబీ 2312లో లేదు. తైవాన్ ప్రధానిగా చేసిన యూ షీకున్ పేరులోని చివరక్షరం బిగ్ ఫైవ్‌లో లేదు. ప్రధానులకే అలా ఉంటే మామూలు ఇళ్ల సంగతేమిటి?

ఉన్న అక్షరాలతోనూ పేచీలుండేవి. బిగ్ ఫైవ్‌లో ప్రతి అక్షరానికీ రెండు బైట్లు. కొన్నింటిలో రెండో బైటు సరిగ్గా డాస్ బ్యాక్‌స్లాష్ కోడే. ‘షూ’ అనే ఇంటిపేరు అలాంటిది, ఆ ఇంటిపేరున్నవాళ్లు లెక్కలేనంతమంది. ఒక ఆఫీసులో ఖాతాదారు ఇంటిపేరుతో ఫైళ్లు దాచుకునేవాళ్లు. అందరివీ పనిచేసేవి, షూగారివి మాత్రం ‘దారి లేదు’ అని తిరగ్గొట్టేవి. పేరు మధ్యలో ఉన్నది ఫోల్డరు గుర్తు అనుకునేది డాస్. జీబీతో నడిచే మెషీన్లలో ఇంకో రకం. ఇంగ్లీషు ప్రోగ్రాముల చుట్టూ జంట గీతల చట్రం ఉంటుంది కదా, ఆ గీత కోడు రెండుసార్లు పక్కపక్కన పడితే జీబీలో ‘తున్’ అనే అక్షరం. స్క్రీను అంచు పొడుగునా తున్ తున్ తున్ అని బారులు తీరేది.

ఇంకోటి. టైపు చేసే పద్ధతి కూడా వ్యవస్థతోపాటే వస్తుంది. తైవాన్ పిల్లలు ఒకటో తరగతిలోనే ఉచ్చారణ రాసే 37 జూయిన్ గుర్తులు నేర్చుకుంటారు కాబట్టి వాళ్లకు శబ్దంతో కొట్టడం సులువు. నేను వెళ్లిన ఒక దుకాణంలో యజమాని జూయిన్ ఒక్కటే ఉన్న ప్యాకేజీ కొన్నాడు. టైపు చేయాల్సిన ఆవిడ హాంకాంగ్ మనిషి. ఆమె మాట్లాడేది కాంటనీస్, జూయిన్ ఒక్క గుర్తూ తెలియదు. రెండు వారాలు ఆమెకు చేతకాదని నలుగురిలో అన్నాడు. నేను త్సాంగ్‌జియే ఉన్న వ్యవస్థ ఎక్కించి, కీల మీద చీటీలు అంటించాను. అది జూ బాంగ్‌ఫూ 1976లో కనిపెట్టిన ఆకార పద్ధతి, 1982లో హక్కులు వదిలేసి అందరికీ ఇచ్చేశారు. ‘A’ కీ మీద సూర్యుడు, ‘B’ కీ మీద చంద్రుడు. రెండూ కొడితే ‘వెలుగు’ అనే అక్షరం. ఉచ్చారణతో పనిలేదు, కంటికి కనిపించే ముక్కలు కొడితే చాలు. ఆవిడ చకచకా కొడుతుంటే నేను పక్కన నిలబడి చూశాను.

పిన్‌యిన్_పక్షం

ఆకార పద్ధతిని మరీ ఎత్తకండి. నేను షాంఘైలో ఏడేళ్లున్నాను, ఎవరిని చూసినా ఉచ్చారణను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టే పిన్‌యినే. వూబీ అనే ఆకార పద్ధతి నేర్చుకున్నవాళ్లు పెద్ద వయసువాళ్లలోనే కనిపించారు.

సముద్రం_అవతల

ఇవాళ్టి పిన్‌యిన్ వాక్యం మొత్తం ఊహిస్తుందండీ. అప్పటిది ‘షి’ కొడితే పదులకొద్దీ అక్షరాలు చిన్న చిన్న దఫాలుగా కింద వరుసలో చూపించేది, ప్రతిసారీ వెతుక్కుని అంకె నొక్కాలి. అప్పటి సీజీఏ రకం స్క్రీనుకు నిలువునా 200 చుక్కలే, 16 చుక్కల ఎత్తు అక్షరాలు 12 వరుసలకు మించి పట్టవు. అందులో ఒకటి ఈ ఎంపికలకే పోయేది. 1983లో వచ్చిన వూబీలో నాలుగు కీలు దాటకుండా అక్షరం పడేది. రోజంతా టైపే బతుకుతెరువు అయినవాళ్లకు అప్పుడు అదే న్యాయం.

జిస్ట్_రోజులు

చైనీస్ నాకు రాదు, ఒక్క మాట చెప్పి తప్పుకుంటాను. మన దగ్గర ప్రభుత్వ సంస్థ సీడాక్ వాళ్ల జిస్ట్ కార్డు చేసింది ఇదే పని, ఇంగ్లీషు కోసం రాసిన డీబేస్ అనే డేటాబేస్ ప్రోగ్రాంలో తెలుగు కనిపించేలా. డీటీపీ ఫైళ్లు దాచుకుని ఫాంటు పోగొట్టుకున్నవాళ్లకు సముద్రం_అవతల గారి మాట వెంటనే అర్థమవుతుంది. మా నాన్నగారి అష్టోత్తరం ఒకటి నా దగ్గర అలాగే పిచ్చిగీతలుగా మిగిలింది. ఫ్లాపీ_పెట్టె గారూ, ఆ మొరాయించే రెండు ఫ్లాపీలు పారేయకండి.

ఫ్లాపీ_పెట్టె

పది రోజుల తర్వాత వస్తున్నాను. ఈటెన్ ఎక్కించాను. ఎక్స్‌టెండెడ్ మెమరీని వాడనిచ్చే హైమెమ్ పంక్తి కాన్ఫిగ్ ఫైల్లో మొదట పెట్టాక ఫాంటు పైమెమరీలోకి పోయింది, సముద్రం_అవతల గారన్నట్టు ఇబ్బందేమీ లేదు. ఉత్తరాలన్నీ తెరుచుకున్నాయి. ఎన్‌జేస్టార్‌లోనూ తెరిచి పక్కపక్కన పెట్టి చూశాను. చదవడానికి రెండూ ఒకటే, ఒక్క తేడా తప్ప. చాలా ఉత్తరాల మొదటి వరుసలో పిలుపు దగ్గర ఒక అక్షరం ఈటెన్‌లో ఖాళీ, ఎన్‌జేస్టార్‌లో ఏదో గుర్తు.

డ్రైవు హెడ్ స్పిరిట్‌తో తుడిచి మొరాయించినవి మళ్లీ పెట్టాను. ఒకటి చదివింది. అందులో సొంతక్షరాల ఫైలుంది. దాన్ని ఈటెన్ డైరెక్టరీలోకి కాపీ చేసి మళ్లీ మొదలుపెడితే ఖాళీ నిండింది. మొత్తం గీసినవి మూడే అక్షరాలు. ఆ పిలుపులోది మా స్నేహితుడి నానమ్మ పేరట.

యూనికోడ్‌లో ఆ అక్షరం ఉందని తేలింది కాబట్టి కోడు_మార్చేద్దాం గారు చెప్పినట్టే అన్నీ మార్చి వాళ్లమ్మగారికి పంపుతున్నాం. మా వాడు మాత్రం 386 ముందు కుర్చీ లాక్కుని, స్క్రీనుకు ముఖం ఆనించి ఆ అక్షరం చుక్కలు లెక్కపెట్టాడు. కింది అడ్డగీత ఒక చుక్క పొట్టిగా ఉందిట, చేత్తో రాసేటప్పుడు కూడా నాన్న దాన్ని అలాగే పొట్టిగా ఆపేవాడట.