వీధి కార్యక్రమం అనుమతి: సైట్ ప్లాన్ అసంపూర్ణమని ఫైలు వెనక్కి పంపారు, ఏం మార్చాలి?

ప్రశ్న (వీధివేదిక):
ఒక వీధి, దాన్ని ఆనుకుని ఉన్న పార్కు మూల కలిపి ఒకరోజు సంగీతం, పుస్తకాల కార్యక్రమానికి నగరపాలక సంస్థకు దరఖాస్తు పెట్టాం. సాయంత్రం 4 నుంచి 9 దాకా. టికెట్ లేదు. 1,500 మంది అని రాశాం. పార్కులో స్టేజీ, వీధికి రెండు వైపులా కలిపి 20 స్టాళ్లు, ఒక జనరేటరు. వీధి పొడవు 90 మీటర్లు, వెడల్పు 12. పార్కు భాగం 30 బై 25. ఫైలు మీద రాసింది రెండే మాటలు: సైట్ ప్లాన్ అసంపూర్ణం, జనసంఖ్యకు ఆధారం లేదు. ఇంకా పది వారాలుంది. ప్లాన్‌లో ఏమేం చూపించాలి? ముందు ఏ శాఖ దగ్గరికి వెళ్లాలి?

జవాబు (కొలతటేపు):
ఫారం ఎంత శుభ్రంగా నింపినా ఫైలు తేలేది ప్లాన్ మీదేనండీ. దాన్ని చూసే ప్రతి అధికారీ తన ఒక్క ప్రశ్నకే జవాబు వెతుకుతారు. ఫైర్ వాళ్లకు బండి ఎందాకా వస్తుందో కావాలి, ట్రాఫిక్ వాళ్లకు బస్సు ఎటు మళ్లుతుందో కావాలి. ఆ జవాబు గీతల్లో కనబడకపోతే ఫైలు వెనక్కే.

మీ కొలతలతోనే చూద్దాం. స్టాలు లోతు 3 మీటర్లు, ముందు నిలబడేవాళ్లకు 2. రెండు వైపులా పెడితే 10 మీటర్లు పోయాయి, మధ్యలో మిగిలింది 2. అందులోంచి ఫైరింజను పోదు. అన్నీ ఒకే వైపుకు తెండి: స్టాలుకు 3, జనానికి 2, మిగతా 7 మీటర్లలో 4 అత్యవసర దారి, 3 నడక. ఆ 7 మీటర్లలో కుర్చీ కూడా వేయకండి, అప్పుడు 6 మీటర్ల దారి అడిగే నగరంలోనైనా ఇబ్బంది రాదు. 20 స్టాళ్లకు 60 మీటర్లు, ఐదేసి స్టాళ్లకొక 2 మీటర్ల సందు వదిలితే మొత్తం 66. మిగిలిన 24 మీటర్లు వీధి రెండు చివర్లా ఖాళీగా ఉంచండి, అక్కడే జనం పోగుపడేది. బ్యానర్ల ఎత్తు కూడా ప్లాన్ మీద రాయండి. దారికి అడ్డంగా కడితే 4.5 మీటర్లకు తగ్గకూడదు. ఫైర్ హైడ్రెంట్ (ఫైరింజను నీళ్లు పట్టుకునే కుళాయి) ఉంటే దాన్ని గుర్తించి, చుట్టూ ఖాళీ చూపండి.

ఇక జనం లెక్క. వీధి 1,080, పార్కు 750, మొత్తం 1,830 చదరపు మీటర్లు. ఇందులోంచి అత్యవసర దారి 360, స్టాళ్లు 180, వాటి ముందు జాగా 120, స్టేజీ 80, జనరేటరు ఆవరణ 25, ప్రథమ చికిత్స, సౌండ్ టేబులు, మరుగుదొడ్లు కలిపి 75 తీసేయండి. మిగిలేది 990. చదరపు మీటరుకు ఇద్దరు చొప్పున 1,980 మంది పడతారు. ఈ తీసివేతలన్నీ ప్లాన్ కింద పట్టికగా వేయండి, వాళ్లడిగే ఆధారం అదే.

ఒక్క మాట మాత్రం తప్పక చేర్చండి: 1,500 అంటే రోజంతా వచ్చిపోయేవాళ్లా, ఒకే సమయంలో ఉండేవాళ్లా? రెండూ వేర్వేరుగా రాయాలి. పైగా జనం సమానంగా పరుచుకోరు. సగం మంది స్టేజీ ముందు 250 చదరపు మీటర్లలో చేరితే అక్కడ మీటరుకు ముగ్గురయ్యారు. నలుగురు దాటాక మనిషి తన ఇష్టప్రకారం కదలడం కష్టమవుతుంది. ఐదారుగురయ్యాక ఒకచోట తోస్తే ఆ తోపు అలలా జనమంతా పాకుతుంది. స్టేజీ ముందు ఎంతమంది కాగానే లోపలికి పంపడం ఆపుతారో అంకె వేసి రాయండి.

జవాబు (గేటులెక్క):
పై లెక్క బాగుంది, కానీ లోపల పట్టడం వేరు, బయటికి వెళ్లగలగడం వేరు. చదునైన నేల మీద, తొందర లేకుండా, ఒక మీటరు వెడల్పు దారిలోంచి నిమిషానికి సుమారు 80 మంది వెళ్తారు. 3 మీటర్ల గేట్లు రెండు పెట్టారనుకోండి, ఒకటి మూసుకుపోయిందనే అనుకుని లెక్కకట్టాలి. నిమిషానికి 240 మంది, 1,500 మందికి ఆరు నిమిషాల పైచిలుకు. ఈ లెక్క ప్లాన్ మీద ఉండాలి. గేటు వెడల్పు మూడే అయినా దాని ముందు బారికేడు అడ్డంగా ఉండి ఒకటిన్నరకు తగ్గితే, లెక్కకొచ్చేది ఆ ఒకటిన్నరే.

లోపలికీ బయటికీ ఒకే దారి మాత్రం వద్దండీ. 2010లో జర్మనీలోని డ్యూయిస్‌బర్గ్‌లో లవ్ పరేడ్ అనే సంగీతోత్సవానికి వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ సొరంగాల్లోంచి ఒకే ర్యాంపు మీదికి చేరారు. 21 మంది ప్రాణాలు పోయాయి. మీది చిన్న కార్యక్రమమే, ఇరుకు దారి మాత్రం జనం తక్కువని ఊరుకోదు.

జవాబు (ఫైలుదారి):
ముందు స్థలం ఎవరిదో వాళ్ల రాతపూర్వక ఒప్పుదల తీసుకోండి. మీకు వీధి ఒక శాఖది, పార్కు ఇంకో శాఖది అయ్యే అవకాశం ఎక్కువ, అప్పుడు రెండు ఒప్పుదలలూ కావాలి. అదే వారం రోడ్డు మూసివేత దరఖాస్తు పెట్టేయండి. బస్సుల మళ్లింపు, వీధిలో ఉండేవాళ్లకు నోటీసు ఇందులోనే ఉంటాయి కాబట్టి అన్నిటికంటే ఆలస్యమయ్యేది ఇదే. ఆ తర్వాత ఫైరు, పోలీసు, ఆరోగ్యం. శబ్దానికి విడిగా అనుమతి ఉంటే అది కూడా అప్పుడే.

టైముల దగ్గర చాలామంది దెబ్బతింటారు. మీరు 4 నుంచి 9 అని రాశారు. స్టేజీ ఉదయం 6కే కట్టడం మొదలుపెడితే, విప్పేసరికి రాత్రి 12 అయితే, అనుమతి ఉదయం 6 నుంచి రాత్రి 12 దాకా కావాలి. కట్టడం, సౌండ్ చెక్, కార్యక్రమం, విప్పడం, ఊడ్చడం నాలుగైదు వరుసలుగా విడగొట్టి రాయండి. బీమా కూడా ఆ మొత్తం వ్యవధికి వర్తించాలి. కార్యక్రమం జరిగే 4 నుంచి 9 గంటలు మాత్రమే ఉన్న పాలసీకి మళ్లీ ఫైలు తిరిగొస్తుంది. దరఖాస్తులో, బీమాలో, సంఘం రిజిస్ట్రేషన్‌లో పేరు అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి.

ప్లాన్ మార్చిన ప్రతిసారీ మూలన తేదీ, సవరణ సంఖ్య వేసి అన్ని శాఖలకూ కొత్తదే పంపండి. ఫైరు వాళ్ల దగ్గర పాతది, పోలీసుల దగ్గర కొత్తది ఉంటే స్థల తనిఖీ నాడే గొడవ.

జవాబు (తీగలు):
జనరేటరు అని ఒక్క గీత గీస్తే చాలదు, లోడ్ పట్టిక, అంటే దేనికెంత కరెంటు కావాలో, పెట్టండి. ఉదాహరణకు సౌండుకు 8 కిలోవాట్లు, లైట్లకు 4, స్టాళ్లకు 300 వాట్ల చొప్పున 6, మొత్తం 18. పవర్ ఫ్యాక్టర్ (జనరేటరు ఇచ్చేదాంట్లో నిజంగా పనికొచ్చే వంతు) 0.8తో భాగిస్తే 22.5 కేవీఏ, జనరేటరు సామర్థ్యాన్ని కొలిచేది ఈ కేవీఏలోనే. 30 కేవీఏ సెట్టు తీసుకుంటే ముప్పావు లోడు మీద నిలకడగా నడుస్తుంది. పొగ గొట్టం జనం వైపు, గుడారాల వైపు ఉండకూడదు, కార్బన్ మోనాక్సైడ్ వాసనకు తెలియదు. డీజిల్ జనం రాకముందే నింపాలి. పక్కన కార్బన్ డయాక్సైడ్ లేదా డ్రై పౌడర్ ఎక్స్‌టింగ్విషర్ ఉంచండి, నీళ్లది పనికిరాదు. కేబుల్ నడక దారిని దాటే ప్రతిచోటా కేబుల్ కవర్ గుర్తు వేయండి.

శబ్దం: ఆరుబయట ఒకే స్పీకరు అనుకుంటే దూరం రెట్టింపయిన ప్రతిసారీ సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. 10 మీటర్ల దగ్గర 95 ఉంటే 80 మీటర్ల దగ్గర ఇంకా 77. అందుకే స్టేజీ వీపు ఇళ్ల వైపు ఉండేలా తిప్పండి. ఇళ్లవాళ్ల ఫిర్యాదులు ఎక్కువగా బేస్ (డప్పులాంటి లోతైన శబ్దం) మీదే వస్తాయి, దానికి గోడలు పెద్దగా అడ్డుకావు.

గాలి సంగతి చాలామంది రాయరు. వేగం రెట్టింపయితే ఒత్తిడి నాలుగింతలు. 2011లో అమెరికాలోని ఇండియానా స్టేట్ ఫెయిర్‌లో ఈదురుగాలికి స్టేజీ పైకప్పు కూలి ఏడుగురు చనిపోయారు. ఎంత గాలికి కార్యక్రమం ఆపుతారో స్టేజీ తయారీదారు పత్రం చూసి రాయండి, ఆపమని చెప్పే అధికారం ఎవరిదో ఒక్క మనిషి పేరు రాయండి. గాలి కొలిచే మీటరు స్టేజీ పైన ఉండాలి, కింద కాదు. స్టాలు గుడారానికి కాలికి కనీసం 20 కిలోల బరువు కట్టండి. రోడ్డులో మేకులు దింపకండి, కింద పైపులూ తీగలూ ఉంటాయి.

వీధివేదిక:
స్టాళ్లు ఒకే వైపుకు మార్చి మళ్లీ గీస్తాం. టికెట్ లేనప్పుడు లోపల ఎంతమంది ఉన్నారో ఎలా చూపించాలి?

జవాబు (గేటులెక్క):
ప్రతి గేటు దగ్గరా ఇద్దరిని పెట్టండి, ఒకరు లోపలికి వచ్చేవాళ్లను, ఒకరు బయటికి వెళ్లేవాళ్లను చేతి కౌంటరుతో లెక్కపెట్టాలి. పావుగంటకోసారి రెండు గేట్ల అంకెలూ ఒకే మనిషికి చేరాలి. అనుమతి 1,500కు అయితే లోపల 1,350 కాగానే గేటు నెమ్మదింపజేయండి, కబురు చేరేలోపే ఇంకో వందమంది వచ్చేస్తారు. లెక్క కాగితం మీద రాసి, ముద్ర పడిన అనుమతి పత్రం, ప్లాన్ ప్రతితో కలిపి గేటు దగ్గరే ఉంచండి. తనిఖీకి వచ్చినవాళ్లు ముందు అడిగేది ఆ మూడే.