శ్రీరామ్ సింగ్ పేరు మనకెందుకు తెలియదు?

కిరణ్:
800 మీటర్ల పాత రికార్డులు చూస్తుంటే 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ ఫైనల్ కనిపించింది. మన దేశపు రన్నర్ శ్రీరామ్ సింగ్ 1:45.77లో ఏడో స్థానంలో వచ్చారు. ఆ జాతీయ రికార్డును 2018లో జిన్సన్ జాన్సన్ 1:45.65తో దాటేదాకా ఎవరూ అందుకోలేకపోయారు. 42 ఏళ్ళు! మిల్ఖా సింగ్, పీటీ ఉష ఎవరో పిల్లలకు కూడా తెలుసు. ఈయన్ని మా ఫ్రెండ్స్‌లో ఒక్కరూ గుర్తుపట్టలేదు. ఎందుకంటారు?

సుధ:
ఒలింపిక్ పతకం రాలేదు కదండీ. ఉష, మిల్ఖా కూడా తేలేదు కానీ వాళ్ళది నాలుగో స్థానం, కొద్దిలో తప్పిపోయిందని అందరూ బాధపడ్డారు. ఏడో స్థానానికి అలాంటి కథ ఉండదు.

పీఈటీ మాస్టారు:
సుధగారూ, కథ లేకపోవడమేంటండీ! ఆ రేసు వీడియో దొరికితే మొదటి రౌండు చూడండి. అందరికన్నా ముందున్నది మన శ్రీరామే. 400 మీటర్లు 50.85లో దాటారు.

కాలేజీలో నేనూ 800 పరుగెత్తినవాణ్ణి కాబట్టి ఆ ధైర్యం విలువ తెలుసు. ముందు పరుగెత్తేవాడు గాలిని చీల్చుకుంటూ పోవాలి, వెనకున్నవాళ్ళకు ఆ శ్రమ తగ్గుతుంది. పైగా ఆ రేసులో క్యూబా ఆల్బెర్టో హువాంటొరేనా ఉన్నాడు. అసలు 400 మీటర్ల మనిషి. రేసు నెమ్మదిగా సాగి చివరి వంద మీటర్ల స్ప్రింట్ దాకా వస్తే అలాంటివాణ్ణి ఎవరు ఆపగలరు? అందుకే మొదట్నుంచీ వేగం పెంచడం తప్ప శ్రీరామ్‌కు వేరే దారి లేదని నా నమ్మకం. రెండో రౌండులో హువాంటొరేనా దాటేసి 1:43.50తో ప్రపంచ రికార్డు కొట్టాడు. ఆ రికార్డుకు శ్రీరామ్ పెట్టిన వేగమే కారణమని తర్వాత హువాంటొరేనాయే చెప్పాడు. అదే ఒలింపిక్స్‌లో 400 కూడా గెలిచాడు.

ఇంక పేరు ఎందుకు రాలేదంటే, 1976లో మన ఇళ్ళల్లో టీవీ ఎక్కడిది? హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైందే 1977లో. పేపర్లో చదివినవాళ్ళకు 'ఏడో స్థానం' అన్న ముక్కే మిగిలింది. ఉష పరుగు నాటికి టీవీ ఉంది.

ప్రభుత్వం గుర్తించలేదనీ కాదు. 1973లో అర్జున, 1974లో పద్మశ్రీ ఇచ్చారు. 1974 టెహ్రాన్, 1978 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో స్వర్ణాలు కూడా ఆయనవే. మా గ్రౌండ్‌కు వచ్చే పిల్లలకు 800 నేర్పేటప్పుడు మొదట ఈయన గురించే చెప్తాను.

కిరణ్:
థాంక్స్ మాస్టారూ, వేగం ఆయనే పెట్టారన్నది అసలు తెలియదు. కోచ్ ఎవరు?

పీఈటీ మాస్టారు:
ఇలియాస్ బాబర్. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో 800 స్వర్ణం గెలిచిన చార్లెస్ బొరోమియో కూడా ఆయన శిష్యుడే. ఆ కోచ్ గురించి ఇంకో పోస్టు పెట్టండి, తప్పకుండా రాస్తాను.