పాత దూలాలను పోర్టబుల్ సామిల్ మీద పలకలు కోయించడం: బ్లేడు పోతే ఎవరు భరించాలి?

చిత్రిక:
పాత కట్టడం విప్పినప్పుడు వచ్చిన దూలాలు నా దగ్గర ఉన్నాయి. ఒక్కోటి సుమారు 200 మి.మీ. చదరం, బాగా ఎండిన చేవ కలప. నేలకు పరవడానికి 25 మి.మీ. పలకలుగా కోయించాలని ఉంది. పోర్టబుల్ బ్యాండ్ సామిల్ (పట్టీలాంటి రంపం బ్లేడు తిరిగే, ఎక్కడికైనా తీసుకెళ్లగల కోత మిషన్) ఉన్న ఒకాయన్ని అడిగితే, మేకులన్నీ నేనే పీకి ఇవ్వాలన్నారు. ఆ తర్వాత కూడా బ్లేడు పాడైతే ఖర్చు నాదేనట. ఇది న్యాయమేనా?

బ్యాండ్‌రంపం:
న్యాయమే. నేను చేసేది ఇదే పని కాబట్టి వివరంగా చెబుతాను. బ్యాండ్ బ్లేడు పళ్లు కొన్ని ఎడమకి, కొన్ని కుడికి కాస్త వంచి ఉంటాయి. మేకు తగిలితే సాధారణంగా ఒక పక్క పళ్లకే ఎక్కువ దెబ్బ. ఆ తర్వాత బ్లేడు పదును మిగిలిన పక్కకు లాగేస్తుంది, పలక అలలు అలలుగా వస్తుంది. అప్పుడు పోయేది బ్లేడు ఒక్కటే కాదు, మీ కలప కూడా. పైగా ఎండిన కలప పచ్చి మానులా తెగదు. పచ్చి కలపకు వాడే 10 డిగ్రీల పంటి కోణం (పన్ను ముందుకు వాలి ఉండే కోణం) ఉన్న బ్లేడు తీసేసి 4 డిగ్రీల బ్లేడు వేస్తాం, మెల్లగా తోస్తాం. ఇంత చేసినా కనపడని మేకు ఒక్కటి చాలు. ఆ మేకు కొట్టింది నేను కాదు కదా.

గట్టిపలక:
ప్రతిదీ మేకు మీదికి తోసేయడం కోసేవాళ్లకు అలవాటైపోయింది. నేను నాలుగు ముఖాలూ మెటల్ డిటెక్టర్‌తో వెతికి, మోగిన ప్రతి చోటా తవ్వి పీకాను. అయినా కోసినాయన మధ్యలో బ్లేడు మార్చి, మేకు తగిలిందని డబ్బు తీసుకున్నాడు. తర్వాత పలకలన్నీ తిప్పి చూశాను. తెగిన ఇనుము ఎక్కడా లేదు. మరి ఆ మేకు ఏమైంది?

బ్యాండ్‌రంపం:
చేతి డిటెక్టర్ లోతుకు హద్దు ఉంటుంది. పైపైన ఉన్న చిన్న చీల దొరుకుతుంది, దూలం నడిమిలో విరిగి ఉండిపోయినది దొరకదు. ఒకసారి వెతికితే చాలదు, ప్రతి కోత తర్వాత కొత్త ముఖం మీద మళ్లీ వెతకాలి.

గట్టిపలక:
నేను అడిగింది డిటెక్టర్ లోతు గురించి కాదు. మేకు ఎక్కడ ఉందని అడిగాను.

ఆకురాయి:
రంగు వేసిన దూలాలా? పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. గీకేటప్పుడూ కోసేటప్పుడూ మంచి మాస్క్ పెట్టుకోండి. క్రియోసోట్ (కలప పుచ్చకుండా వాడే తారు నూనె) పట్టించిన రైల్వే స్లీపర్లయితే ఇంట్లో పరిచే ఆలోచనే వద్దు.

చేవకర్ర:
నాకు అసలు ప్రశ్నే అర్థం కావడం లేదు. 200 మి.మీ. దూలాన్ని ఎందుకు కోయాలి? దూలం గట్టితనం దాని లోతు ఘనాన్ని బట్టి ఉంటుంది. లోతు సగమయ్యేలా పొడవునా రెండుగా చీల్చి చూడండి, ఒక్కో సగానికి మిగిలేది ఎనిమిదో వంతు. రెండూ కలిపినా నాలుగో వంతే. అలాంటి దాన్ని ఏడు ముక్కలు చేసి నేల మీద పరుస్తారా? పలకలు ఏ కొత్త కలపతోనైనా వస్తాయి.

చిత్రిక:
చేవకర్ర గారూ, దూలాలు ఎత్తే పని నాకు లేదు. నాకు కావలసింది నేల.

వాసం:
బ్యాండ్ ఎందుకు? స్వింగ్ బ్లేడు మిల్లు, అంటే గుండ్రటి రంపం బ్లేడు ఉండేది, పిలవండి. చాలా గట్టివైన కార్బైడ్ పళ్లు, ఒకటి రెండు పోతే పళ్లే మార్చుకోవచ్చు.

బ్యాండ్‌రంపం:
వాసం గారూ, లెక్క చూడండి. బ్యాండ్ కోతలో పొట్టుగా పోయేది సుమారు 2 మి.మీ. 200 మి.మీ.లో ఏడు పలకలు, ఆరు కోతలు అంటే 187. మిగిలిన 13 మి.మీ. రెండు పక్కలా ముఖం శుభ్రం చేయడానికి సరిపోతుంది. గుండ్రటి బ్లేడు కోతకు 6 మి.మీ. వేసుకుంటే ఏడు పలకలకు 211 కావాలి. అంటే ప్రతి దూలానికీ ఒక పలక నష్టం. ఇక మేకుకు తగిలి విరిగిన కార్బైడ్ ముక్క ఎటు ఎగురుతుందో చెప్పలేం.

పొట్టుమేస్త్రి:
అందరూ మేకుల దగ్గరే ఆగిపోయారు. గోడలో దిగి ఉన్న చివర్లలో, పగుళ్లలో ఇసుక, సున్నం ఇరుక్కుని ఉంటాయి. వాటికి డిటెక్టర్ మోగదు. బ్లేడు పదును మాత్రం తినేస్తాయి. వైర్ బ్రష్‌తో రుద్ది కడగాలి, గోడలో ఉన్న చివర్లు ముందే తీసేయాలి.

గట్టిపలక:
చూశారా! నా బ్లేడు పోయింది ఇసుకకే అయి ఉంటుంది. మరి మేకు దాచానని నన్నెందుకు అన్నాడు?

బ్యాండ్‌రంపం:
ఇసుకైనా మేకైనా వచ్చింది మీ దూలంతోనే. ఒక్కటి చెప్పనివ్వండి. మీకు బ్లేడు అంటే ఖర్చు. బిగించి ఉన్న బ్యాండ్ తెగితే దాని పక్కన నిలబడి ఉన్నది నేను. ఆ టెన్షన్ ఎలా ఉంటుందో బిల్లు చూసి దెబ్బలాడేవాళ్లకు తెలియదు.

చేవకర్ర:
అందుకే కోయొద్దంటున్నాను. కోసేవాళ్లకు ప్రతి దూలమూ ఇన్ని పలకలుగానే కనిపిస్తుంది.

బ్యాండ్‌రంపం:
మీరు ఒక్క దూలమైనా మోశారా? వానలో పడి పుచ్చిపోయే దూలాలను నేలగా మార్చి వాటికి ఇంకో జీవితం ఇస్తున్నది మేమే. ఇంట్లో కూర్చుని కోయొద్దని చెప్పడం తేలిక.

చేవకర్ర:
మోశాను. అందుకే చెబుతున్నాను. మా ఇంటి దూలాలు, బాడిసె దెబ్బలు ముఖం మీద కనపడుతూ ఉండేవి. నన్ను అడగకుండా అన్నయ్య కోయించాడు. చెక్కిన ముఖాలు నాలుగూ పక్కపలకలతో పోయాయి. మాను నడిమి భాగం దూలంలోనే ఉండటంతో మధ్య పలకలు నిలువునా చీలాయి. కోసినవారు ఆ సంగతి ముందే చెప్పవచ్చు, చెప్పలేదు. బ్లేడు పోతే ఎవరు కట్టాలని ఇన్ని మాటలు రాశారు. దూలం పోతే ఎవరు కడతారని ఒక్కరైనా అడిగారా?

చిత్రిక:
నా దూలాల్లోనూ నడిమి భాగం చివర్లలో కనిపిస్తోంది. అక్కడి నుంచే పగుళ్లు మొదలయ్యాయి.

పొట్టుమేస్త్రి:
అయితే ఆ మధ్య పలకను లెక్కలో వేసుకోకండి. 25 కావాలంటే 30 కోయించండి. అప్పుడు పలకలు ఏడు రావు, ఆరే వస్తాయి. పైన ఎండినా లోపల ఇంకా తేమ ఉండొచ్చు, కోసిన కొత్త ముఖం మీద తేమ మీటరు గుచ్చి చూడండి. మధ్యలో సన్న కర్రలు పెట్టి పేర్చి, వంకరలు తేలాక చిత్రిక పట్టండి.

బ్యాండ్‌రంపం:
చేవకర్ర గారూ, చీలే పలక గురించి ముందే చెప్పాల్సిన బాధ్యత కోసేవారిదే. అది ఒప్పుకుంటాను. కానీ కోయాలా వద్దా అన్నది దూలం ఎవరిదో వాళ్లే తేల్చుకోవాలి. మీ అన్నయ్య మీద కోపం మా మిషన్ మీద చూపించకండి.

గట్టిపలక:
నా మాట మళ్లీ పక్కకు పోయింది. మేకా, ఇసుకా అని కోసేచోట తేల్చేదెలా?

బ్యాండ్‌రంపం:
మేకు తగిలితే శబ్దం మారుతుంది, తెగిన ఇనుము పలక మీద మెరుస్తుంది. ఇసుకకైతే పదును మెల్లగా పోతుంది, తోయడం బరువవుతుంది. నేను మేకు తగిలిన చోటే మిషన్ ఆపి, దూలం మనిషిని పిలిచి చూపిస్తాను. చూపించలేకపోతే బ్లేడు ఖర్చు నాదే.

గట్టిపలక:
ఆయన కూడా అలా చూపించి ఉంటే డబ్బు గురించి ఒక్క మాట అనేవాణ్ణి కాదు. నన్ను అబద్ధాలకోరును చేశాడన్నదే నా బాధ.

చిత్రిక:
ఈ షరతు మా కోసేవారి ముందు పెడతాను. చివర్లు పుచ్చినవి, చీలినవి కోయిస్తాను. ముఖాలు చెక్కినవి, నిటారుగా ఉన్నవి రెండున్నాయి, వాటి సంగతి ఇంకా అనుకోలేదు.

చేవకర్ర:
ఆ రెండింటి పొడవులు, చివర్ల ఫొటోలు ఇక్కడ పెట్టండి. దూలంగానే వాడుకునేవాళ్లు ఎవరైనా దొరుకుతారేమో నేను వెతుకుతాను. అప్పటిదాకా వాటిని మిల్లు ఎక్కించకండి.