అప్‌డేట్: పులికాట్‌లో బైనాక్యులర్‌కు ఆవిరి పట్టడం గురించి

డిసెంబరులో సూళ్లూరుపేటలో బస చేసినప్పుడు, తెల్లవారుజామున శ్రీహరికోట దారిలో సరస్సు ఒడ్డున దిగగానే నా 8×42 బైనాక్యులర్ మసకబారి, ఎదుట ఫ్లెమింగోల గుంపు ఉన్నా గులాబీ రంగు మరక తప్ప ఏమీ కనిపించడం లేదని ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

రాత్రంతా ఏసీ గదిలో చల్లబడిన అద్దాలకు బయటి తేమగాలి తగిలి ఆవిరి నీరవుతోందని ఒకరు చెప్పినది అక్షరాలా నిజం. దగ్గర్లోని నేలపట్టు పక్షుల అభయారణ్యానికి వెళ్లిన రోజు బైనాక్యులర్‌ను మూసిన సంచిలోనే ఉంచి, బయలుదేరడానికి అరగంట ముందు వరండాలో పెట్టాను. గూడబాతుల (పెలికాన్ల) ముక్కుల కింది సంచులు కూడా స్పష్టంగా కనిపించాయి.

అయితే కుడి గొట్టంలో కొంచెం మసక మిగిలిపోయింది. చెన్నైలో మరమ్మతు చేసే ఆయన విప్పి చూసి, లోపలి ప్రిజంపై బూజు పట్టిందని, పాత తేమే దానికి కారణమని చెప్పి శుభ్రం చేసి ఇచ్చారు. ఆ లోపానికీ, ఉదయపు ఆవిరికీ సంబంధం లేదు. రెండింటినీ కలిపి అడిగి మిమ్మల్ని తికమక పెట్టింది నేనే. ఆవిరి పట్టకుండా పూసే ద్రవం కొన్నాను గానీ అవసరమే రాలేదు. గొట్టాల్లో గాలికి బదులు పొడి నైట్రోజన్ వాయువు నింపిన రకం బైనాక్యులర్ అయినా లోపలి ఆవిరినే ఆపుతుంది, బయటి అద్దాన్ని కాదు. కనుక కొత్తది కొనే ఆలోచన మానుకున్నాను. ఇప్పుడు బైనాక్యులర్‌ను తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో ఉంచుతున్నాను.