ఎమ్మెస్సెన్ (మెడికల్ సర్జికల్ నర్సింగ్) పునశ్చరణ: పొటాషియం విలువ గుర్తుంది, వార్డులో ఏం చేయాలో తోచలేదు

ప్రశ్న (విద్యార్థిని, అనంతపురం)

సీనియర్లకు నమస్కారం. నేను బి.ఎస్సీ. నర్సింగ్ నాలుగవ సెమిస్టర్ చదువుతున్నాను. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో తెచ్చిన కొత్త సిలబస్‌లో ఈ పేపరు పేరు అడల్ట్ హెల్త్ నర్సింగ్ అని మారినా, మేమందరమూ ఇంకా ఎమ్మెస్సెన్ అనే అంటున్నాము. పరీక్షలకు ఐదు వారాలున్నాయి. నిర్వచనాలు, కారణాలు, లక్షణాలు, నర్సింగ్ పరిచర్య అనే వరుసలో నోట్సు రెండుసార్లు పూర్తిగా చదివాను.

పోయిన వారం మెడికల్ వార్డులో ఇన్‌ఛార్జి సిస్టర్ ఒక పెద్దాయన కేస్ షీటు నా చేతికిచ్చారు. ఆయన గుండె వైఫల్యంతో చేరారు. గుండెకు బలమిచ్చే డిగాక్సిన్ మాత్ర, మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే లాసిక్స్ ఇంజెక్షన్ రెండూ నడుస్తున్నాయి. ఉదయం రిపోర్టులో పొటాషియం 2.9 ఉంది. "ఎనిమిది గంటల మందులు ఇవ్వబోతున్నావు, ముందు ఏం చేస్తావు?" అని అడిగారు. "సాధారణ విలువ 3.5 నుంచి 5.0 మేడమ్" అని గడగడా చెప్పి ఆగిపోయాను. "అది రిపోర్టు కాగితం మీదే అచ్చయి ఉంది కదమ్మా" అన్నారావిడ. చదివింది పడక దగ్గర పనికివచ్చేలా పునశ్చరణ చేసుకోవాలంటే ఎలా చదవాలో దయచేసి చెప్పండి.

జవాబు 1 (స్టాఫ్ నర్సు, కర్నూలు)

చెల్లెమ్మా, ముందు ఆ పెద్దాయన సంగతి చూద్దాం, చదివే పద్ధతి అందులోనే దొరుకుతుంది. లాసిక్స్ మూత్రంతో పాటు పొటాషియాన్ని కూడా బయటికి పంపుతుంది. డిగాక్సిన్, పొటాషియం రెండూ గుండె కణాల మీద ఒకే చోటు కోసం పోటీపడతాయి కాబట్టి, పొటాషియం తగ్గినప్పుడు ఎప్పుడూ ఇచ్చే డిగాక్సిన్ మోతాదే విషంగా మారే ప్రమాదం ఉంది. అందువల్ల 2.9 చూసిన వెంటనే మీ చేయి మందుల ట్రే మీద నుంచి స్టెతస్కోపు మీదికి పోవాలి. ఛాతీ మీద గుండె కొట్టుకునే చోట పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించడం ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే మనం వెతికేదే లయ తప్పడాన్ని. తిండి సహిస్తోందా, వికారంగా ఉందా, దీపాల చుట్టూ పసుపుపచ్చగా కనిపిస్తోందా అని అడగండి. నిన్నటి మూత్రం ఎంతో ఛార్టులో చూడండి. రెండు మందులూ ఆపి ఉంచి, విలువ, నాడి, లక్షణాలు మూడూ ఒకేసారి డాక్టరుకు చెప్పి, ఈసీజీ తీయమంటారా అని అడగండి. ఈసీజీలో టి తరంగం చదునుగా మారి, దాని తరువాత యు తరంగం కనిపించవచ్చు. నాడి 60 కంటే తక్కువైతే డిగాక్సిన్ ఆపాలని పుస్తకంలో ఉన్న మాట నిజమే, కానీ ఈయన నాడి 72 ఉన్నా నేను డాక్టరుతో మాట్లాడకుండా ఆ మాత్ర ఇవ్వను.

ఇక డాక్టరు పొటాషియం క్లోరైడ్ రాశారనుకోండి. మన వార్డుల్లో దొరికే పది మిల్లీలీటర్ల 15 శాతం ఆంప్యూల్‌లో సుమారు 20 మిల్లీ ఈక్వివలెంట్లు (పొటాషియం కొలిచే యూనిట్లు) ఉంటాయి. దాన్ని నేరుగా సిరలోకి ఎప్పుడూ, ఎవరు చెప్పినా ఇవ్వకూడదు, గుండె ఆగిపోతుంది. పలుచన చేసి, చేతి సిర ద్వారా సాధారణంగా గంటకు 10 మిల్లీ ఈక్వివలెంట్లు మించకుండా, మూత్రం సరిగా వస్తోందని చూసుకున్నాకే ఎక్కిస్తాము. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, స్టాండుకు వేలాడుతున్న సెలైన్ సీసాలోకే ఆ ఆంప్యూల్ ఎక్కించి, కలపకుండా వదిలేశాను. పొటాషియం ద్రావణం బరువుగా ఉండి సీసా అడుగుకు, అంటే సెట్ (డ్రిప్ గొట్టం) ఉన్న మూతి వైపుకే చేరుతుందన్న సంగతి అప్పటికి నాకు తట్టలేదు. అటుగా వచ్చిన సీనియర్ సిస్టర్ ఒక్క మాట కూడా అనకుండా క్లాంపు మూసి, సీసా దించి, పదిసార్లు తలకిందులు చేసి చూపించారు. మందు కలిపేది స్టాండు నుంచి దించిన సీసాలోనే అని అప్పటి నుంచి నాకు వేరే ఎవరూ చెప్పవలసిన అవసరం రాలేదు.

ఇప్పుడు చదవడం గురించి. నోట్సు మూడోసారి చదవవద్దు. పుస్తకం మూసి, ఒక రోగిని మనసులో పడుకోబెట్టి, ఇప్పుడు నా కంటికి ఏం కనబడుతుంది, దేనికి భయపడాలి, ముందు ఏది చేస్తాను, ఎవరికి ఏమని చెబుతాను అని కాగితం మీద రాయండి. ఆ తరువాతే పుస్తకం తెరిచి దిద్దుకోండి. మొదటి వారం ఎర్ర సిరా గీతలే ఎక్కువ కనిపిస్తాయి.

జవాబు 2 (నర్సింగ్ ట్యూటర్, కడప)

పై జవాబుతో దాదాపు అంతా ఏకీభవిస్తున్నాను; అయితే పరీక్ష రాయబోతున్న అమ్మాయికి నిర్వచనాలు వదిలేయమన్నట్టు వినబడకూడదు. పేపరు దిద్దేవారు మొదట చూసేది వాటినే.

నేను మా విద్యార్థులకు చెప్పేది మరొకటి ఉంది. పాఠాల వరుసలో కాకుండా, ఒక్క విలువను పట్టుకుని అన్ని పాఠాలలోనూ వెతకండి. పొటాషియాన్నే తీసుకోండి. విరేచనాలతో వచ్చిన రోగిలో అది తగ్గుతుంది. కాలిన గాయాల రోగిలో మొదటి రోజు పెరుగుతుంది, ఎందుకంటే దెబ్బతిన్న కణాలలోది రక్తంలోకి వచ్చేస్తుంది. తరువాత మూత్రం ధారాళంగా మొదలైనప్పుడు పడిపోతుంది. డయాబెటిక్ కీటోఅసిడోసిస్‌లో (ఇన్సులిన్ చాలక రక్తం ఆమ్లంగా మారే స్థితిలో) రిపోర్టు మామూలుగానో ఎక్కువగానో కనిపిస్తుంది, కానీ శరీరంలో నిల్వ ఖాళీ అయి ఉంటుంది. ఇన్సులిన్ మొదలుపెట్టగానే పొటాషియం కణాలలోకి పోతుంది కనుక, విలువ 3.5 కంటే తక్కువగా ఉంటే ఇన్సులిన్ ఆపి ముందు పొటాషియం ఇస్తారు. ఈ ఒక్క కారణం అర్థమైతే మూడు పాఠాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి.

మన వైపు వేరుశనగ చేలలో పాము కాటు కేసులు కొత్తేమీ కాదు కాబట్టి ఇదీ కలుపుకోండి. రక్తపింజరి విషం రక్తం గడ్డకట్టనివ్వదు, మూత్రపిండాలనూ దెబ్బతీయగలదు. రక్తం గడ్డకడుతోందో లేదో చూసే ఇరవై నిమిషాల పరీక్ష చాలామంది తప్పుగా రాస్తున్నారు: శుభ్రమైన, పొడి, కొత్త గాజు పరీక్షనాళికలో రెండు మిల్లీలీటర్ల సిర రక్తం తీసుకుని, ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి మాత్రమే వంచి చూడాలి. ప్లాస్టిక్ సిరంజిలోనో, సబ్బుతో కడిగిన నాళికలోనో చేస్తే ఫలితం నమ్మదగినది కాదు. యాంటీవెనమ్ ఎక్కించిన రోగికి మూత్రం తగ్గిందని రాత్రి డ్యూటీ నర్సు గమనించడం, మరునాడు పొటాషియం పెరిగిందని రిపోర్టు రావడం వేరువేరు సంఘటనలు కావు.

జవాబు 3 (డయాలసిస్ విభాగం, స్టాఫ్ నర్సు)

రెండు చిన్న మాటలు. పొటాషియం 6.5 వచ్చిందని కంగారుపడే ముందు శాంపిల్ ఎలా తీశారో అడగండి. టూర్నికే (చేతికి కట్టే పట్టీ) ఎక్కువసేపు బిగించి, పిడికిలి పదేపదే మూయించి తీస్తే, లేదా ఎర్ర కణాలు పగిలితే, విలువ ఎక్కువగా కనబడుతుంది. అలాగని ఈసీజీ తీయకుండా కూర్చోవద్దు. పొడవైన, సూటిగా లేచిన టి తరంగాలుంటే అది నిజమే. అప్పుడిచ్చే కాల్షియం గ్లూకోనేట్ పొటాషియాన్ని ఏమాత్రం తగ్గించదు, గుండెను కాపాడుతుంది అంతే. తగ్గించడానికి డెక్స్‌ట్రోజ్‌తో ఇన్సులిన్, ఆపైన డయాలసిస్. వైవాలో ఈ తేడానే అడుగుతారు. మరొకటి, వేసవిలో బంధువులు ప్రేమకొద్దీ కొబ్బరి బోండాలు తెచ్చి కిడ్నీ రోగులకు తాగిస్తారు. వాటిలో పొటాషియం ఎక్కువని మర్యాదగా చెప్పి ఆపడం కూడా పరిచర్యలో భాగమే.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి పుస్తకం మూసి ఆ పెద్దాయన గురించే రాశాను. డాక్టరు 500 మిల్లీలీటర్ల సెలైన్‌లో 20 మిల్లీ ఈక్వివలెంట్ల పొటాషియం నాలుగు గంటల్లో ఎక్కించమన్నారని అనుకున్నాను. గంటకు 5 పడుతుంది, కాబట్టి పరిమితి లోపలే ఉంది. సీసా దించి కలుపుతానని రాశాను. చుక్కల లెక్క 500ను 20తో హెచ్చించి 240 నిమిషాలతో భాగిస్తే నిమిషానికి 42 చుక్కలు వచ్చింది. సరేనా అక్కా?

జవాబు 1 (స్టాఫ్ నర్సు, కర్నూలు)

లెక్క సరిగ్గా ఉంది. కానీ మిల్లీలీటరుకు 20 చుక్కలని మీరే అనుకున్నారు. సెట్ కవరు మీద ఎంతని రాసి ఉందో చూడలేదు. అది మైక్రో డ్రిప్ సెట్ అయితే మిల్లీలీటరుకు 60 చుక్కలు, అంటే నిమిషానికి 125 పడాలి. మందు కలిపిన లేబుల్ మీద సమయం, మీ సంతకం కూడా రాయలేదు. రేపు మళ్లీ రాసి పెట్టండి, ఈసారి రోగికి సూది గుచ్చిన చోట మంటగా ఉందని అన్నాడనుకుని.